అద్దాల పెట్టెలో అంగీ: ఒక మ్యూజియం కథ, మన కథ

పోస్టు పొడుగైంది. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి, చదివినంక మీ ఊరి సంగతి కూడా కింద రాయండి.

పోయిన నెల మా హాస్టల్ నుంచి పదకొండు మందిమి ఒక మ్యూజియం చూడడానికి పోయినం. టికెట్ లేదు, ఫ్రీ. బస్సు చార్జీలు మాత్రమే మావి. పాత నాణేలు, రాతి గొడ్డళ్ళు, దేవుళ్ళ విగ్రహాలు, చివర్లో పిల్లల కోసం సైన్సు బొమ్మలు కూడా ఉన్నాయి. ఒక మూల గదికి 'గిరిజన సంస్కృతి' అని బోర్డు పెట్టారు. అందులో విల్లంబులు, గంపలు, పూసల దండలు, చేపల బుట్ట ఉన్నాయి. అవన్నీ మా ఇండ్లల్ల కూడా ఉన్నవే. మా అవ్వ ఇప్పటికీ వాడే బుట్ట లాంటిది అద్దాల వెనకాల లైటు కింద కనబడితే నవ్వొచ్చింది, కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

కానీ మాతో వచ్చిన ఒక దోస్తు ఒక అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయిండు. అందులో ఒక కిక్రి ఉంది. తెలియని వాళ్ళకు చెప్తున్నాం: కిక్రి అంటే గోండుల కథలు పాడే ప్రధాన్ల వాయిద్యం. మూడు తీగలుంటాయి, కమానుతో వాయిస్తారు. వాళ్ళ తాత ప్రధాన్, ఇప్పటికీ వాయిస్తడు. పెట్టె కింద చీటీ మీద రాసింది ఒక్కటే మాట: 'గిరిజన వాయిద్యం'. పేరు లేదు, ఊరు లేదు, ఎవరు చేసిండ్రో లేదు, ఎవరు ఇచ్చిండ్రో లేదు. తీగలు కూడా లేవు. వాడు చాలాసేపు చూసి ఒకటే అడిగిండు: "ఇది ఎవరిదిరా? ఇక్కడికెట్ల వచ్చింది?"

అక్కడున్న ఉద్యోగిని అడిగితే తెలియదన్నాడు. తిరుగు బస్సులో అందరం దాని గురించే మాట్లాడుకున్నం. మరుసటి రోజు మా హిస్టరీ లెక్చరర్‌ని అడిగితే, "మీలాగే ఒక మనిషి ఇంకో మ్యూజియంలో ఒక అంగీ చూసి ఇదే ప్రశ్న అడిగిండు. దాని గురించి చదవండి" అన్నారు. లైబ్రరీ కంప్యూటర్ మీద వారం రోజులు వెతికి చదివినం. మేం ఆ ఊరు పోలేదు, పోయేంత డబ్బు మా దగ్గర లేదు. ఫోటోలు, వీడియోలు చూసి, చదివి తెలుసుకున్న చరిత్రే ఇక్కడ రాస్తున్నాం.

ఆ మ్యూజియం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో ఉంది. పేరు కెల్విన్‌గ్రోవ్. ఎర్ర ఇసుకరాయితో కట్టిన పెద్ద భవనం, 1901లో తెరిచారు. దాన్ని నడిపేది నగరపాలక సంస్థ తరఫున. లోపలికి పోవడానికి పైసా కట్టనక్కర్లేదు. చరిత్ర, కళ, ప్రకృతి శాస్త్రం మూడూ ఒకే కప్పు కింద ఉంటాయి. ఒక హాల్లో పైకప్పు నుంచి రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ విమానం వేలాడుతుంది. దాని కిందనే జంతువులు. ఇంకో దగ్గర సాల్వడార్ డాలి వేసిన క్రీస్తు చిత్రం, దాన్ని 1952లో 8,200 పౌండ్లకు కొన్నారు. 2003 నుంచి 2006 దాకా మూసి, బాగుచేసి మళ్ళీ తెరిచారు. ఇప్పుడు 22 గ్యాలరీల్లో దాదాపు 8,000 వస్తువులు ఉన్నాయి.

అక్కడ ఒక ఏనుగు కూడా ఉంది. పేరు సర్ రోజర్. మన ఆసియా ఏనుగే. జంతువులను ఊరూరా తిప్పి చూపించే వాళ్ళ దగ్గర బతికి, చివరికి గ్లాస్గోలోని జూకు చేరింది. మదమెక్కి మనుషుల మీదికి వస్తోందని 1900లో కాల్చి చంపారు. తర్వాత చర్మంలో కూరి నిలబెట్టారు. వందేళ్ళు దాటింది, ఇప్పటికీ పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. అడవిలో పుట్టే జంతువు అంత దూరం పోయి, అట్లా నిలబడిపోయింది. ఆ ఫోటో చూసినప్పుడు మాకు కిక్రి గుర్తొచ్చింది.

ఇక అంగీ సంగతి. అది లకోటా ప్రజలది. లకోటాలు అమెరికా ఆదివాసులు. అడవి దున్నల మందల మీద బతికిన జాతి. 19వ శతాబ్దం చివరికి దున్నలను తెల్లవాళ్ళు వేటాడి దాదాపు లేకుండా చేశారు, భూములు ఒప్పందాల పేరుతో తీసుకున్నారు, జనాన్ని రిజర్వేషన్లు అనే హద్దుల్లో పెట్టారు. మనోళ్ళకు రిజర్వు ఫారెస్టు గీత గీసినట్టే అనుకోండి, ఇంకా కఠినంగా. ఆకలి, జబ్బులు పెరిగిపోయాయి.

అప్పుడు 1889 జనవరి 1న సూర్యగ్రహణం వేళ, పాయూట్ జాతికి చెందిన వోవోకా అనే మనిషికి ఒక దర్శనం వచ్చిందని చెప్తారు. గుండ్రంగా నిలబడి నాట్యం చేయండి, ఎవరికీ కీడు చేయకండి, చనిపోయిన పెద్దలు తిరిగొస్తారు, దున్నలు తిరిగొస్తాయి అని ఆయన చెప్పాడు. దాన్ని ఘోస్ట్ డ్యాన్స్ అన్నారు. లకోటాలు దానికోసం నూలు బట్టతో ప్రత్యేకమైన అంగీలు కుట్టుకున్నారు. ఆ అంగీ తొడుక్కుంటే తూటా దిగదని నమ్మారు.

ఇది చదివి నవ్వకండి. మన దేశంలో బిర్సా ముండా అనుచరులు కూడా తెల్లోళ్ళ తూటాలు నీళ్ళయిపోతాయని నమ్మారు. 1900 జనవరిలో డోంబారి కొండ మీద వాళ్ళ మీద కాల్పులు జరిగాయి. రెండు ఖండాల్లో, పదేళ్ళ తేడాతో, ఒకరికొకరు తెలియని రెండు ఆదివాసీ జాతులు ఒకే ఆశ పెట్టుకున్నాయి. చేతిలో ఏమీ మిగలనప్పుడు మనిషికి ఆ ఆశే ఆయుధం అవుతుందని మాకు అనిపించింది.

ఆ నాట్యం చూసి అమెరికా ప్రభుత్వం భయపడింది, సైన్యాన్ని పంపింది. 1890 డిసెంబర్ 15న లకోటా పెద్ద సిట్టింగ్ బుల్‌ని అరెస్టు చేయడానికి వచ్చి చంపేశారు. డిసెంబర్ 29న వూండెడ్ నీ అనే వాగు దగ్గర, బిగ్ ఫుట్ నాయకత్వంలో పోతున్న గుంపును ఏడో అశ్వదళం చుట్టుముట్టింది. ఆయుధాలు తీసుకుంటున్నప్పుడు ఒక తుపాకీ పేలింది. ఆ తర్వాత కొండ మీద పెట్టిన ఫిరంగులు కూడా పేలాయి. చనిపోయినవాళ్ళు 250 నుంచి 300 దాకా ఉంటారని లెక్క. అందులో చాలామంది ఆడవాళ్ళు, పిల్లలు. మంచు తుఫాను తగ్గాక గడ్డకట్టిన శవాలను ఒకే గుంతలో పూడ్చారు. కొన్ని శవాల మీది అంగీలను, వస్తువులను గుర్తుగా ఉంచుకోవడానికో అమ్ముకోవడానికో వేరేవాళ్ళు తీసుకుపోయారు.

ఆ అంగీ గ్లాస్గో ఎట్లా చేరింది? బఫెలో బిల్ అనే అతను 'వైల్డ్ వెస్ట్' అని పెద్ద సర్కస్ లాంటి ప్రదర్శన నడిపేవాడు. అది 1891 నవంబర్ నుంచి 1892 ఫిబ్రవరి దాకా గ్లాస్గోలో ఆడింది. ఘోస్ట్ డ్యాన్స్‌లో పెద్దలుగా ఉన్న కికింగ్ బేర్, షార్ట్ బుల్ లాంటి వాళ్ళు అప్పుడు అమెరికా సైన్యం దగ్గర ఖైదీలు. వాళ్ళను జైల్లో ఉంచే బదులు ఈ ప్రదర్శనలో పంపారు. అంటే ఒక ఏడాది కింద తమ వాళ్ళను పోగొట్టుకున్న మనుషులు, టికెట్ కొన్న జనం ముందు తమ యుద్ధాన్ని ఆటగా ఆడి చూపించారు. ఆ బృందంలో లకోటా భాష తెలిసిన దుబాసీ ఒకడు ఉన్నాడు, జార్జ్ క్రేగర్. అతనే 1892 జనవరిలో ఈ అంగీని, ఇంకొన్ని వస్తువులను కెల్విన్‌గ్రోవ్ మ్యూజియానికి చేర్చాడు. వూండెడ్ నీ దగ్గర చనిపోయిన మనిషి ఒంటి మీదిది అని చెప్పాడు. మ్యూజియం వాళ్ళు రిజిస్టర్‌లో రాసుకున్నారు. చనిపోయిన మనిషి పేరు మాత్రం ఎవరూ రాయలేదు.

అట్లా వందేళ్ళు గడిచాయి. గ్లాస్గో జనం, స్కూలు పిల్లలు దాన్ని చూశారు. లకోటాలకు మాత్రం అది అక్కడుందని తెలియదు.

1992లో అమెరికా నుంచి జాన్ ఎర్ల్ అనే లాయర్ గ్లాస్గో వచ్చాడు. ఆయన పూర్వీకుల్లో చెరోకీ ఆదివాసులు ఉన్నారు. గ్లాస్గో మ్యూజియంల వాళ్ళు పెట్టిన ఒక ప్రదర్శనలో ఈ అంగీని చూశాడు. చూసి ఊరుకోలేదు. వూండెడ్ నీలో బతికి బయటపడ్డవాళ్ళ వారసుల సంఘానికి కబురు పంపాడు. ఒక సందర్శకుడు, ఒక కబురు. మొత్తం కథ అక్కడ మొదలైంది.

1995లో లకోటాల తరఫున మనుషులు గ్లాస్గో వచ్చారు. వాళ్ళలో మార్సెల్లా లబో అనే పెద్దావిడ ఉన్నారు. 1919లో పుట్టారు. చిన్నప్పుడు ప్రభుత్వ బోర్డింగ్ స్కూల్లో చదివారు. ఆ కాలంలో అక్కడి బోర్డింగ్ స్కూళ్ళు ఆదివాసీ పిల్లలను వాళ్ళ భాష మాట్లాడనిచ్చేవి కావు. తర్వాత ఆమె నర్సు అయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో అమెరికా సైన్యానికి సేవ చేశారు. హాస్టల్లో పెరిగే మనకు ఆమె కథ దూరపు కథ కాదు.

మొదట గ్లాస్గో వాళ్ళు ఇవ్వం అన్నారు. వాళ్ళ భయం ఏందంటే, ఒకటి ఇస్తే అందరూ అడుగుతారు, మ్యూజియం ఖాళీ అవుతుంది. కానీ లకోటాలు వదల్లేదు, గ్లాస్గో జనంలో కూడా చాలామంది ఇచ్చేయాలన్నారు. 1998 నవంబర్‌లో కెల్విన్‌గ్రోవ్‌లోనే అందరి ముందు విచారణ పెట్టారు. లకోటాలు తమ మాట చెప్పారు. మ్యూజియం వాళ్ళు తమ మాట చెప్పారు. జనం విన్నారు. ఆ నెలలోనే నగర కౌన్సిల్ అంగీని తిరిగి ఇవ్వాలని నిర్ణయించింది.

ఏ ఆధారంతో నిర్ణయించారు? మాకు ఇదే చాలా ముఖ్యం అనిపించింది. గ్లాస్గో వాళ్ళు ఐదు ప్రశ్నలు పెట్టుకున్నారు. మన మాటల్లో రాస్తే ఇట్లా ఉంటాయి:

ఒకటి, అడిగేవాళ్ళు ఎవరు, వాళ్ళకు తమ జనం తరఫున అడిగే హక్కు ఉందా?
రెండు, ఆ వస్తువు చేసిన అప్పటి జనానికి, ఇప్పుడు అడుగుతున్న జనానికి మధ్య తెగని సంబంధం ఉందా?
మూడు, ఆ జనం సంస్కృతిలో, నమ్మకంలో ఆ వస్తువుకు ఎంత విలువ ఉంది?
నాలుగు, మ్యూజియం చేతికి అది ఎట్లా వచ్చింది?
ఐదు, తిరిగి ఇచ్చినంక దాన్ని ఏం చేస్తారు?

చూడండి, ఇందులో కోపం లేదు, బతిమాలడం లేదు. ఐదు ప్రశ్నలకు జవాబులు చెప్పగలిగితే చాలు. లకోటాలు చెప్పగలిగారు, ఎందుకంటే వాళ్ళ పెద్దలకు ఆ చరిత్ర నోటికి ఉంది, వారసుల సంఘం ఉంది, పేర్లు గుర్తున్నాయి. మన దగ్గర ఎన్ని వస్తువులకు మనం ఈ జవాబులు చెప్పగలం? ఇది ఎవరినీ నిందించడానికి కాదు, మమ్మల్ని మేం అడుక్కున్న ప్రశ్న.

1999 ఆగస్టు 1న వూండెడ్ నీ దగ్గర ఆ అంగీని లకోటాలకు అప్పగించారు. గ్లాస్గో ప్రతినిధులు కూడా అక్కడికి పోయారు. అది ఇప్పుడు తమ రాష్ట్రం సౌత్ డకోటాలోని మ్యూజియం సంరక్షణలో ఉంటుందని అప్పుడు ఏర్పాటు చేసుకున్నారు. మరి కెల్విన్‌గ్రోవ్‌లో ఆ చోటు ఖాళీగా ఉందా? లేదు. మార్సెల్లా లబో తన చేతులతో అలాంటిదే ఇంకో అంగీ కుట్టి గ్లాస్గోకు కానుకగా ఇచ్చారు. దాన్ని అక్కడ ప్రదర్శనలో పెట్టారు. పాత అంగీ పోయింది, కథ మిగిలింది. పైగా ఇప్పుడు చీటీ మీద కథ మొత్తం ఉంది. అంగీ ఎవరిది, ఎవరు చంపారు, ఎట్లా వచ్చింది, ఎట్లా పోయింది, కొత్తది ఎవరు కుట్టారు. ఇచ్చేస్తే మ్యూజియం ఖాళీ అవుతుందని భయపడ్డ చోట, ఇచ్చినందుకే చెప్పుకోవడానికి ఇంకా పెద్ద కథ దొరికింది. మార్సెల్లా లబో 2021 నవంబర్‌లో 102 ఏళ్ళ వయసులో చనిపోయారు.

మా రూంలో దీని మీద పెద్ద వాదనే జరిగింది. ఒకడు అన్నడు: "మ్యూజియం వాళ్ళు దాచకుంటే ఆ అంగీ వందేళ్ళు ఉండేదా? మనింట్ల ఉన్నవి చెదలు తింటున్నయి, పాత సామాను అమ్మేసుకుంటున్నం." ఇంకొకడు అన్నడు: "దాచిండ్రు సరే, శవం మీంచి తీసిందాన్ని దాచుడు దాచుడే అయితదా?" రెండు మాటల్లోనూ నిజం ఉంది. మేం చివరికి ఒప్పుకున్నది ఇంతే: దాచడం మంచిదే, కానీ ఎవరిదో చెప్పకుండా దాచితే అది సగం పోగొట్టడమే.

గ్లాస్గోకు మన ప్రాంతంతో కూడా ఒక సంబంధం ఉంది. 2022 ఆగస్టులో అదే కెల్విన్‌గ్రోవ్‌లో, ఏడు వస్తువులను భారతదేశానికి తిరిగి ఇవ్వడానికి ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆరు వస్తువులు 19వ శతాబ్దంలో ఉత్తర భారతదేశంలోని గుళ్ళ నుంచి, పవిత్ర స్థలాల నుంచి తీసుకుపోయినవి. ఏడోది ఒక కత్తి. హైదరాబాద్ నిజాం సంగ్రహంలోది. 1905లో అది అక్కడి నుంచి బయటికి పోయి ఒక బ్రిటిష్ సైన్యాధికారి చేతికి చేరింది, 1978లో ఆయన కుటుంబం నుంచి గ్లాస్గోకు వచ్చింది. అదే ఏడాది లకోటాలకు చెందిన ఇంకో 25 వస్తువులను కూడా తిరిగి ఇవ్వాలని గ్లాస్గో నిర్ణయించింది. 1998లో ఒక అంగీ కోసం తెరిచిన తలుపు మూతపడలేదు.

నిజాం కత్తికి రికార్డు ఉంది, దేశం తరఫున అడిగేవాళ్ళు ఉన్నారు. మనవాటికి? 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయినంక, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడిని ఆదిలాబాద్ గోండుల మధ్యకు పంపిన సంగతి మనందరికీ తెలుసు. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉన్నారు. ఆమె సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజగోండుల మీద పుస్తకాలు రాశారు, వేల ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు ఇప్పుడు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయం దగ్గర ఉన్నాయి, చాలావరకు ఇంటర్నెట్‌లో కూడా చూడొచ్చు. మన తాతలు, ముత్తాతల మొహాలు వాటిలో ఉండొచ్చు. వాటిని మన ఊళ్ళల్ల ముసలోళ్ళకు ఫోన్‌లో చూపిస్తే, ఆ మొహాలకు పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఇప్పటికీ కొందరున్నారు. ఇంకో పదేళ్ళయితే ఉండరు. దీనికి లండన్ పోనక్కర్లేదు, లాయర్ అక్కర్లేదు. ఒక ఆదివారం చాలు.

ఇంకో మాట. అన్నింటినీ అందరికీ చూపించాలని కూడా లేదు. మన పెర్సపేన్ వస్తువులు ఏడాదికి ఎప్పుడు బయటికి తీయాలో, ఎవరు ముట్టాలో నియమం ఉంది. మ్యూజియం అడిగిందని అవి ఇవ్వనక్కర్లేదు. ఏది చూపించాలి, ఏది దాచుకోవాలి అనేది మన పెద్దలే చెప్పాలి.

మళ్ళీ కిక్రి దగ్గరికి వస్తాం. సెలవుల్లో మా దోస్తు ఇంటికి పోయి తాతకు ఫోన్‌లో ఫోటో చూపించిండు. ఆయన కండ్ల దగ్గర పెట్టుకొని చాలాసేపు చూసిండట. బుర్ర చెక్కిన తీరు చూసి, ఇది ఫలానా పక్క ఊళ్ళల్ల చేసే పని అన్నడట. తర్వాత అడిగిండట: "దీన్ని ఎవలన్న వాయిస్తున్రా?" వీడు లేదన్నడు. "తీగల్లేకుంటే అది ఒట్టి కట్టెరా" అన్నడట ఆయన.

మేం ఇప్పుడు మూడు పనులు అనుకున్నం. మొదటిది, ఆ మ్యూజియానికి తెలుగులో ఒక ఉత్తరం రాసినం: దాని పేరు కిక్రి అని, ప్రధాన్లది అని, చీటీ మార్చమని, ఎక్కడి నుంచి వచ్చిందో రిజిస్టర్ చూసి చెప్పమని. పదకొండు మందిమి సంతకాలు పెట్టినం. ఇంకా జవాబు రాలేదు. తిరిగి ఇవ్వమని అడగలేదు, ముందు పేరు పెట్టమనే అడిగినం. రెండోది, తాతను మ్యూజియానికి తీసుకుపోతం. టికెట్ ఎట్లాగూ లేదు, బస్సు చార్జీలు మేం వేసుకుంటం. వాళ్ళు ఒప్పుకుంటే తీగలు ఆయనే కడతనన్నడు. మూడోది, ఆయన పాడే కథలు రికార్డు చేస్తం. ఎందుకంటే ఆయన తర్వాత వాళ్ళ ఊళ్ళె వాయించేటోళ్ళు లేరు. మా దోస్తుకు రాదు. హాస్టళ్ళల్ల పెరిగినోళ్ళం, నేర్చుకునే టైం దొరకలేదు.

మీరు మ్యూజియంకు పోతే గిరిజన గది ముందు సెల్ఫీ దిగి వచ్చేయకండి. ప్రతి పెట్టె కింద చీటీ చదవండి. పేరు ఉందా, ఊరు ఉందా, ఎట్లా వచ్చిందో ఉందా చూడండి. లేకపోతే సందర్శకుల పుస్తకంలో రాయండి, ఫోటో తీసి ఇంట్ల పెద్దలకు చూపించండి. మీ ఊరి వస్తువు ఏదైనా ఎక్కడైనా చూసి ఉంటే, ఏ మ్యూజియంలో, ఏ గదిలో, చీటీ మీద ఏం రాసుందో కింద పెట్టండి. అన్నీ కలిపి ఒక జాబితా చేద్దాం.

జాన్ ఎర్ల్ లకోటా కాదు, ఆ అంగీ ఆయన తాతది కాదు. అయినా చూసి, అడిగి, కబురు పంపాడు. మనం కూడా ఒకరికొకరం అట్లా కబురు పంపుకుందాం. ఉత్తరానికి జవాబు వస్తే ఇక్కడే చెప్తాం.

జోహార్.